దిద్దుబాటు విద్య: ఇందూరు సీమనుండి కంప్యూటరు గ్రంథముల దాక

మంజీరానదికి అడ్డముగా 1923లో ఆరంభమై 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరము, దాని కాలువల నీటితో పెరిగిన చెరకును నమ్ముకొని 1937లో బోధను చెంత శక్కర్‌నగరున వెలసిన నిజాం చక్కెర కర్మాగారము, ఇందూరను పూర్వనామము మరుగుపడి నిజామాబాదుగా ప్రసిద్ధికెక్కిన పట్టణము, ఆ పట్టణము మీదుగా మన్మాడునకు సాగిన ఇనుపదారి: ఈ సీమ చరిత్రను వ్రాయబూనిన వారెల్లరును మొదట చెప్పుకొను విషయములివి. ఆనకట్టను నిర్మింపించిన నవాబు అలీ నవాజ్ జంగు పేరును ప్రజలు నేటికిని తలంచుచున్నారు, తలంపవలసినదే. అయితే ఆ ఆనకట్టకును, ఆ కర్మాగారమునకును, ఆ రైలుబండికిని వెనుక నిలిచి వానిని నడిపించిన పుస్తకములు కొన్ని కలవు. కొలతల పట్టికలు, పని నియమావళులు, యంత్రముల వాడుక తెలుపు కరదీపికలు ఆ జాతిలోనివి. అట్టి పుస్తకములలోని చిన్న తప్పును కనిపెట్టి, అక్షరమునకు అక్షరము, అంకెకు అంకె సరిచేయుట కూడ ఒక విద్య. దానికిని ఒక చరిత్ర కలదు. ఇందూరు, బోధను ప్రాంతములను ఆధారముగా గొని ఆ చరిత్రను చెప్పుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

కావ్యమును చదువు రసజ్ఞుడు ముద్రణదోషమును తన బుద్ధితో సవరించుకొని ముందునకు సాగిపోవును. ఆకరగ్రంథము సంగతి అట్లు కాదు. దానిని చూచువాడు తెలియనిదానిని తెలిసికొనుటకే తెరచును గనుక, అందున్నదానిని నమ్మి వెంటనే పనిలో దిగును. అచ్చట అంకె తప్పినచో పని తప్పును. ఇందువలన ఆకరగ్రంథపు దిద్దుబాటునకు మూడు ధర్మములు కావలసివచ్చినవి. పాత పాఠమేదో, క్రొత్త పాఠమేదో రెండును కనబడవలెను. సవరించినవాడెవ్వడో, ఏనాడు సవరించెనో తెలియవలెను. ఆ సవరణ ఆ గ్రంథపు ప్రతులన్నిటికిని చేరవలెను. ఈ మూడును ఒక్కనాట సమకూడినవి కావు. శతాబ్దముల తరబడి ఒకటొకటిగా అమరినవి.

తాళపత్రముల కాలమున లేఖకుడు గంటముతో ఆకుపై గీచిన అక్షరమును తుడిచివేయుటకు వీలులేదు. ఆకు పొరను చీల్చిన గీత చీల్చినట్లే యుండును. తరువాత మసి పూసి తుడిచినపుడు తప్పక్షరము కూడ ఒప్పక్షరముతో సమానముగా నల్లబడి తేలును. కావున నేర్పరియైన లేఖకుడు తప్పుపై అడ్డగీత గీచియో, విడిచిన అక్షరముండవలసిన తావున హంసపాదము వేసి ఆ అక్షరమును పంక్తికి పైననో క్రిందనో ఇరికించియో ముందునకు నడచెను. చెరుపలేని ఆ నిస్సహాయతయే మన ప్రాచీన ప్రతులకు మేలైనది. ఏది మొదటి పాఠమో, ఏది దిద్దిన పాఠమో నేటి పరిశోధకుడు కంటితో చూడగలుగుచున్నాడు. గ్రంథాంతమున లేఖకుడు తాను చూచినదానిని చూచినట్లే వ్రాసితిననియు, దోషములున్న సజ్జనులు మన్నించి దిద్దుకొనవలెననియు వేడుకొనుట ఆచారము. ఆ వేడుకోలు వినయము మాత్రమే కాదు. చదువరికి దిద్దు అధికారమును అప్పగించుట. కాని అట్లు దిద్దిన పాఠము ఆ యొక్క ప్రతిలోనే నిలిచిపోవుచుండెను. పొరుగూరిలోని ప్రతి పాత తప్పుతోనే బ్రతికి, తన్ను చూచి వ్రాసినవారికెల్లరకును ఆ తప్పును పంచిపెట్టుచుండెను.

ఈ చిక్కును మన జ్యోతిష్కులు వేరొక విధమున దాటిరి. సిద్ధాంతగ్రంథములలో చెప్పిన గ్రహగతులు కాలము గడచినకొలది ఆకాశమున కనబడు స్థితితో కొంచెము కొంచెముగా ఎడమగుచుండగా, వారు ఆర్షమని భావించిన మూలశ్లోకమును ముట్టక, బీజసంస్కారమను పేర చిన్న సవరణాంకములను విడిగా చెప్పి, గణకుడు లెక్కలో వానిని కలుపుకొనునట్లు ఏర్పాటు చేసిరి. మూలము మూలముగానే నిలిచినది. సవరణ సవరణగా పేరొందినది. ఫలితము దృష్టితో సరిపోయినది. మూలముపట్ల గౌరవమును, ప్రత్యక్షముపట్ల నిష్ఠను ఒక్క చోట నిలిపిన ఈ పద్ధతిని మించిన సంస్కారము నాకు మన వాఙ్మయమున కనబడదు.

అనేక ప్రతులను ఒకచోట చేర్చి పాఠములను పోల్చి నిర్ణయించు పని తెలుగునాట పందొమ్మిదవ శతాబ్దమున విస్తృతముగా జరిగినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో జూలూరి అప్పయ్య మొదలైన పండితులను జీతముపై నియమించి, వేమన పద్యములను, ప్రబంధములను పలుప్రతులతో సరిచూపించెను. ఆతడు 1852లో వెలువరించిన తెలుగు నిఘంటువు సైతము అంతటితో ముగిసిన గ్రంథముగా నిలువలేదు. 1903లో వచ్చిన దాని రెండవ కూర్పును సవరించినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు కూడ కలరు. నిఘంటువు వంటి ఆకరగ్రంథము ఒక్కని పేర ప్రసిద్ధమైనను పలువురి చేతులమీదుగా శుద్ధి పొందునని చెప్పుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట దిద్దుబాటు ఒక జీవనోపాధియైనది. తెలుగు కంపోజిటరు పని మిక్కిలి కష్టమైనది. అక్షరములును, గుణింతములును, వత్తులును వేరువేరు గూళ్లలో నుండగా, చేతిలోని స్టిక్కులో సీసపుటక్షరములను తలక్రిందుగా పేర్చవలెను. ఆ పేర్పులో పకారము వకారమగుట, మకారము యకారమగుట, వత్తు జారిపోవుట, సున్న ఎగిరిపోవుట దినదినము జరుగుచుండెడివి. గాలీ ప్రూఫు తీసి, ప్రూఫ్ రీడరు దానిని మూలముతో సరిచూచి, అంచున గుర్తులు వేసి పంపగా, కంపోజిటరు చిమటాతో తప్పక్షరమును లాగి ఒప్పక్షరమును కూర్చెడివాడు. ఒక్కొక్కపుడు ఒక తప్పును దిద్దబోవగా పంక్తి కదలి ప్రక్కన క్రొత్త తప్పు పుట్టుటయు కద్దు; కావుననే రెండవ ప్రూఫు, మూడవ ప్రూఫు అవసరమైనవి. అన్నిటిని దాటి మిగిలిన దోషములకు గ్రంథము చివర తప్పొప్పుల పట్టిక చేర్చిరి. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అను నాలుగు నిలువు గడులతో కూడిన ఆ పట్టిక చరిత్రలో ఒక గొప్ప మెట్టు. ఏలయనగా సవరణ ప్రతులన్నిటికిని మొదటిసారిగా ఒక్కమారే చేరినది.

నైజాము రాష్ట్రమున తెలుగు ముద్రణకు ఆశ్రయమైన సంస్థలలో 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున వెలసిన గోలకొండ పత్రిక ముఖ్యమైనది. ఆ పత్రికలో ప్రూఫ్ రీడరుగా పనిచేసినవారిలో వట్టికోట ఆళ్వారుస్వామి యొకరు. ఇతరుల రచనలలోని అక్షరదోషములను ఏరి దిద్దు ఆ కొలువులోనుండి ఎదిగినవాడే 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను ప్రకటించి, తన చేతులతో ఊరూర మోసికొనిపోయి అమ్మిన ప్రచురణకర్తయైనాడు. అటుపిమ్మట ‘ప్రజల మనిషి’ నవలను వ్రాసిన రచయితయైనాడు.

ఆ ఆళ్వారుస్వామికిని ఇందూరు పట్టణమునకును గల సంబంధము కారాగార సంబంధము. నిజాము పాలన చివరి దినములలో ఆయనయు, యువకవి దాశరథి కృష్ణమాచార్యులును నిజామాబాదు ఖిల్లాలోని చెరసాలలో బందీలైయుండిరి. వ్రాతసాధనములు కరవైన అచ్చట దాశరథి బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాయుటయు, అధికారులు వానిని తుడిపించుటయు, ఆయన మరల వ్రాయుటయు తెలంగాణమున ఇంటింట చెప్పుకొను చరిత్ర. విడుదలయైన పిదప 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను ఆయన ఆ చెరసాల సహచరునికే అంకితము గావించెను. దిద్దుబాటు విద్యను గూర్చి ఆలోచించువారు ఈ ఘట్టముకడ కొంత నిలువవలెను. గోడపై పద్యమును తుడిపించినవాడు తప్పును దిద్దినవాడు కాడు. పాత పాఠము లేకుండ జేయుటయే ఆతని పని. ప్రూఫ్ రీడరు పాత పాఠమును కొట్టివేసినను కనబడనిచ్చును. క్రొత్త పాఠమునకు బాధ్యత వహించును. చెరుపుటకును దిద్దుటకును గల దూరము అధికారమునకును విద్యకును గల దూరమంతటిది.

ఆనాటి రాష్ట్రమున రాజభాష ఉరుదూ గనుక, కచేరీ కాగితములును పాఠ్యగ్రంథములును చాలవరకు ఆ భాషలోనే యుండెడివి. 1917లో హైదరాబాదున ఏర్పడిన అనువాదశాల శాస్త్రగ్రంథములను ఉరుదూలోనికి తెచ్చినది. ఉరుదూ పుస్తకములు బహుళముగా రాతి అచ్చున వెలువడెడివి. కాతిబు అను లేఖకుడు చక్కని దస్తూరితో కాగితముపై వ్రాసిన పాఠమును రాతిపైకి ఎక్కించినపుడు అది అద్దములోవలె ఎడమకుడులుగా తిరుగబడును. ఆ రాతిపై కనబడిన దోషములను గీకి, తిరుగబడిన అక్షరములనే తన కుంచెతో వ్రాసి సరిచేయు పనివాని పేరు సంగ్‌సాజు. వెనుకనుండి ముందునకు వ్రాయుచు, కాతిబు దస్తూరిలో తన దస్తూరి కలిసిపోవునట్లు చేయగల ఆ నేర్పు రాతి అచ్చుతో పాటు అంతరించినది. ఆతడు ఎంత నిపుణుడైన అంతగా ఆతని పని కనబడకుండెడిది.

ఇక బోధను వైపు వత్తము. చక్కెర కర్మాగారమునకు ప్రాణము గానుగలలో నున్నదని చూడవచ్చినవారు తలతురు. కాని అందలి కెమిస్టునడుగగా ప్రయోగశాలలో నున్నదని చెప్పును. చెరకు రసమును పొడవైన పాత్రలో పోసి బ్రిక్సు హైడ్రామీటరును తేలవిడిచినచో, రసమున కరగిన ఘనపదార్థము నూటికెంతయో దాని కాడపై చదువవచ్చును. అయితే ఆ చదివిన అంకె అట్లే పనికిరాదు. ఐరోపాలో తొలుత ఈ పరికరములను 17.5 డిగ్రీల వేడిమివద్దను, తరువాత 20 డిగ్రీలవద్దను సరిచూచి చేసిరి. మనవంటి ఉష్ణదేశములకు 27.5 డిగ్రీలను ప్రమాణముగా గొనిరి. రసము వేడెక్కినకొలది పలుచబడును గనుక, ప్రమాణమునకు మించిన వేడిమిలో హైడ్రామీటరు ఉన్నదానికన్న తక్కువ చూపును. చల్లబడిన ఎక్కువ చూపును. ఆ భేదము ఒక్కొక్క డిగ్రీకి బ్రిక్సులో పదవ వంతుకన్న తక్కువయే. అయినను కెమిస్టు రసపు వేడిమిని వేరుగా కొలిచి, పట్టికలో ఆ గడిని వెదకి, ఆ చిన్న అంకెను కలిపియో తీసివేసియో సవరించిన బ్రిక్సును చిట్టాలో ఎక్కించును. క్రషింగు సీజనున దినమునకు వేల టన్నుల చెరకు గానుగలకెక్కు చోట, దశాంశపు బిందువునకు ఆవలనున్న ఆ అంకెను బట్టియే రసపు శుద్ధి, చక్కెర రాబడి, మడ్డిలో పోయిన నష్టము లెక్కకు వచ్చును. చలిదేశపు పట్టికను ఎండదేశమున గ్రుడ్డిగా అనుసరింపక, దేశకాలములకు తగిన సవరణను పట్టికగా గ్రంథస్థము చేసిన ఈ పద్ధతి, పూర్వము జ్యోతిష్కుల బీజసంస్కారమునకు సోదరి వంటిది. శక్కర్‌నగరు గానుగలు 2015లో ఆగిపోయినవి; కాని అక్కడ తరతరముల పనివారు అలవరచుకొన్న ఈ నిష్ఠ ఆ సీమ విద్యాసంపదలో భాగముగా లెక్కింపదగినది.

చెరకు సాగుకును ఇట్టి ఆకరగ్రంథము కలదు. రుద్రూరులోని పరిశోధనాస్థానము వంటి క్షేత్రములలో చెరకు, వరి వంగడములపై జరిగిన పరీక్షల ఫలితములు వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలువరించు వ్యవసాయ పంచాంగములో చేరును. ఒక వంగడము తెగులునకు లొంగినచో దాని పేరు తొలగును; ఒక మందు నిషిద్ధమైనచో ఆ పంక్తి మారును. ఏటేటను మారుట ఆ గ్రంథమునకు లోపము కాదు, ధర్మము.

మూడు ధర్మములను కాగితముపై సంపూర్ణముగా నెరవేర్చినది రైల్వేశాఖ. స్టేషను మాస్టరు, గార్డు, డ్రైవరు మొదలైనవారు తప్పక అనుసరింపవలసిన సాధారణ నియమముల గ్రంథమును, దానికి అనుబంధముగా ఆయా జోనులు చేర్చు ఉపనియమములను, మాన్యువళ్లను రైల్వేవారు ప్రతి మార్పునకును క్రొత్తగా అచ్చువేయరు. కరెక్షను స్లిప్పు అను చిన్న కాగితమును పంపుదురు. దానికి వరుససంఖ్యయు తేదీయు నుండును. ఫలానా నియమమున ఫలానా పదములకు మారుగా ఈ పదములు చదువుకొనవలెనని అందు వ్రాసియుండును. ఉద్యోగి దానిని తన పుస్తకమున సరియైన పుటవద్ద అంటించుకొనవలెను. వరుససంఖ్యలో ఒకటి తక్కువైనచో ఒక సవరణ తనకు అందలేదని వెంటనే తెలియును. నిజామాబాదు మీది మీటరు గేజి మార్గము బ్రాడు గేజిగా మారినపుడు గాని, జానకంపేటవద్ద బోధను శాఖ చీలునట్టి స్టేషనులలో సిగ్నళ్లు, పట్టాల అమరిక మారినపుడు గాని, ఆ స్టేషను పని నియమములు కూడ మారవలసియే యుండును. బండ్ల రాకపోకల నియమమున ఒక్క పదము పాతదై మిగిలిన, దాని ఫలము ప్రాణములతో ముడిపడియుండును. జిగురు పూసి అంటించిన ఆ చీటీలతో లావెక్కిన నియమగ్రంథమును చూచి నిర్లక్ష్యమని భ్రమింపరాదు. అది దినదినము బ్రతికియున్న గ్రంథమని గ్రహింపవలెను.

కంప్యూటరు యుగమున ఈ మూడు ధర్మములు కాగితమును విడిచి క్రొత్త రూపము దాల్చినవి. డొనాల్డ్ కనూత్ అను అమెరికా గణకశాస్త్రజ్ఞుడు తన గ్రంథములలో తప్పును మొదట కనిపెట్టిన వారికి 2.56 డాలర్ల చెక్కు పంపు ఆచారమును నెలకొల్పెను; ఆ చెక్కులను మార్చుకొనక పటము కట్టించుకొన్నవారే పలువురు. తప్పు చూపినవానిని శత్రువుగా గాక సహకారిగా గౌరవించిన ఆ ఆచారము ప్రోగ్రాములు వ్రాయువారి లోకమున వ్రేళ్లూనినది. 1970ల తొలినాళ్లలో బెల్ ప్రయోగశాలలో డగ్లస్ మెక్‌ఇల్రాయ్ ప్రభృతులు రెండు పాఠములను పోల్చి భేదమును మాత్రమే చూపు ‘డిఫ్’ అను ఉపకరణమును చేసిరి. 1985లో లారీ వాల్ ఆ భేదమును తీసికొని పాత పాఠమును క్రొత్త పాఠముగా మార్చు ‘ప్యాచ్’ను వెలువరించెను. తీసివేసిన పంక్తికి ముందు ఋణచిహ్నము, చేర్చిన పంక్తికి ముందు ధనచిహ్నము, చుట్టును మారని పంక్తులు కొన్ని: ఇదియే ప్యాచ్ స్వరూపము. తప్పొప్పుల పట్టికలోని గడులును, కరెక్షను స్లిప్పులోని వాక్యమును ఇందు ఒక్కటైనవి.

ఈ పద్ధతికి ఉదాహరణముగా ఈమాక్స్ అను టెక్స్టు ఎడిటరును చూడవచ్చును. రిచర్డ్ స్టాల్‌మన్ 1984లో ఆరంభించిన గ్నూ ఈమాక్స్‌ను లిస్పు భాషలో ప్రోగ్రాములు వ్రాసి ఎవరికి కావలసినట్లు వారు మలచుకొనవచ్చును. ఆ లిస్పును వివరించు ఆకరగ్రంథము అచ్చున వేయిపుటలకు మించినది. అందు ఒక్కొక్క ఫంక్షనునకు పేరు, అది గ్రహించు విలువలు, ఇచ్చు ఫలితము, ఉదాహరణము వరుసగా నుండును. లిస్పు వాక్యములన్నియు కుండలీకరణములలో బిగిసియుండును గనుక, ఉదాహరణమున ఒక్క కుండలీకరణము లోపించినను దానిని చూచి వ్రాసినవాని ప్రోగ్రాము నడువదు. ఫంక్షను మారి వివరణ మారకుండుట, పైన ఒక పేరుతో చెప్పిన విలువను క్రింద వేరొక పేరుతో పిలుచుట, ‘ఫలానా ప్రకరణము చూడుడు’ అన్నచోట ఆ ప్రకరణము పేరు మారిపోవుట: ఇట్టివి అందు దొరలు దోషములు. కనిపెట్టిన పాఠకుడు, ఏ దేశమువాడైనను, ఒక ప్యాచ్ చేసి పంపును. నిర్వాహకులు పరిశీలించి మూలమున కలుపుదురు. చేసినవాని పేరు, తేదీ, కారణము మార్పుల చిట్టాలో శాశ్వతముగా నిలుచును. పెద్ద రచన చేర్చువారు తమ హక్కును ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనునకు వ్రాసియీయవలసి యుండగా, సుమారు 15 పంక్తులకు లోబడిన చిన్న సవరణకు ఆ పత్రములతో పని లేదు. దారినపోవు పాఠకుడు సైతము తనది కాని తప్పును దిద్దిపోవుటకు తెరచిన తలుపు ఇది. తాళపత్ర లేఖకుడు సజ్జనులకు అప్పగించిన అధికారము ఇచ్చట నియమముగా స్థిరపడినది.

ఈ ఆచారము తెలుగునకును చేరినది. 1991లో యూనికోడు తొలి ప్రమాణమునందే తెలుగు లిపికి స్థానము లభించినది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనది. తెలుగు వికీసోర్సులో పాత గ్రంథముల పుటలను బొమ్మతో సరిచూచి దిద్దువారు నేడు గాలీ ప్రూఫులనాటి నియమమునే పాటించుచున్నారు. ఒకరు దిద్దిన పుటను వేరొకరు మరల సరిచూచి ఒప్పుకొన్నగాని అది ఆమోదము పొందదు. వికీపీడియాలో బోధను, ఆర్మూరు, బాన్సువాడ ప్రాంతముల ఊళ్లను గూర్చిన పుటలలో కాలువ పేరు తప్పిన, దేవాలయపు కాలము తప్పిన, అచ్చటి పాఠశాల విద్యార్థియే ఆధారము చూపి సరిచేయగలడు.

చెరకు చేనిలో కలుపు ఒక్కమారు తీసిన తీరదు. తీయుచు నుండుటయే సేద్యము. ఆకరగ్రంథపు శుద్ధియు నంతే. తెలుగులో ప్రోగ్రాము రచనను పరిపూర్ణముగా బోధించు పెద్ద ఆకరగ్రంథములు ఇంకను రావలసియున్నవి. అవి వచ్చునపుడు మొదటి కూర్పే నిర్దుష్టముగా నుండవలెనని పట్టుబట్టి ప్రచురణను ఏండ్లతరబడి నిలుపరాదు. తప్పు కనిపెట్టిన విద్యార్థి దానిని పంపుటకొక దారిని, పంపినదానిని పరిశీలించు ఇద్దరు ముగ్గురు ఓర్పుగల పండితులను, పాత పాఠమును, క్రొత్త పాఠమును రెండును చూపు చిట్టాను, దిద్దినవాని పేరు వ్రాయు ఔదార్యమును తొలినాటినుండియే ఏర్పరచుకొనవలెను. సంగ్‌సాజు పేరును, ప్రయోగశాలలో పట్టిక వెదకిన కెమిస్టు పేరును మనము నిలుపుకొనలేకపోతిమి. ఇకమీద ఒక్క అక్షరము దిద్దినవాని పేరైనను నిలుపుటకు సాధనములు మనకు కలవు. నిలుపుట మన కర్తవ్యము.